థైరాయిడ్ డోసు కన్నా ముందు అడ్రినల్ సంగతి తేలాలి

థైరాయిడ్ గోళీ మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు నీరసం తగ్గకపోగా పెరిగిందని, మంచం మీది నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని, అన్నం సహించడం లేదని చెప్పేవారు నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఏ ఆసుపత్రి ఓపీలో కూర్చున్నా తారసపడతారు. ‘ఈ మందు నాకు పడలేదు’ అన్న మాటతో మొదలయ్యే ఆ సంభాషణ సాధారణంగా డోసు తగ్గించడంతోనో, కంపెనీ మార్చడంతోనో, రోగి తనంతట తానే మందు మానేయడంతోనో ముగుస్తుంది. అడగవలసిన ప్రశ్న ఒకటి మాత్రం మిగిలిపోతుంది: ఈ మనిషి ఒంట్లో కార్టిసాల్ సరిపడా తయారవుతోందా? మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే ఈ హార్మోను కొరవడినవారికి థైరాయిడ్ మందును ఎంత జాగ్రత్తగా సర్దినా మేలు జరగదు; కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. దక్షిణ తెలంగాణలో ఈ ప్రశ్నను మరింత గట్టిగా అడగడానికి ఇక్కడి నీళ్లు, ఇక్కడి పొలం పని, ఇక్కడి వైద్యపు అలవాట్లే కారణం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. థైరాయిడ్ మందు పడలేదనేవారిలో అత్యధికులకు అడ్రినల్ సమస్య ఉండదు. వయసు మళ్లినవారికి, గుండె జబ్బున్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టవలసింది ఒకేసారి 100తో మొదలుపెట్టడం, రక్తహీనత ఉన్న స్త్రీకి ఐరన్ లోపం సరిచేయకుండానే డోసు పెంచుకుంటూ పోవడం, పొద్దున్నే చాయ్‌తో కలిపి గోళీ మింగడం వంటి మామూలు కారణాలే గుండె దడకు, అలసటకు, రిపోర్టుల్లో కనిపించే ఎగుడుదిగుళ్లకు మూలంగా ఉంటాయి. వాటిని సరిదిద్దితే సరిపోతుంది. కాబట్టి థైరాయిడ్ ఉన్న ప్రతి ఒక్కరికీ కార్టిసాల్ పరీక్ష చేయించనక్కరలేదు. ఎవరికి చేయించాలో గుర్తుపట్టడం, గుర్తుపట్టాక రెండు మందులను ఏ వరసలో, ఏ వేగంతో సర్దాలో తెలియడం ముఖ్యం.

థైరాయిడ్ హార్మోను శరీరంలోని దాదాపు ప్రతి కణం పనివేగాన్ని శాసిస్తుంది. కాలేయం కార్టిసాల్‌ను విరిచి, పనిచేయని రూపంలోకి మార్చి బయటికి పంపే వేగం కూడా దాని అదుపులోనే ఉంటుంది. థైరాయిడ్ మందగించినప్పుడు ఈ పని నెమ్మదిస్తుంది కనుక, అడ్రినల్ గ్రంథులు కొద్దిపాటి కార్టిసాల్ మాత్రమే తయారుచేస్తున్నా అది రక్తంలో ఎక్కువసేపు నిలిచి ఎలాగో రోజు గడిపేస్తుంది. థైరాయిడ్ గోళీలో ఉండే లీవోథైరాక్సిన్ మొదలయ్యాక ఒంటి అవసరాలూ పెరుగుతాయి, కార్టిసాల్ ఖర్చూ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఆ లోటును పసిగట్టి అడ్రినల్ చేత ఎక్కువ చేయిస్తుంది. ఆ సత్తువ లేనివారిలో లోటు అలాగే మిగిలి రోజురోజుకూ ముదురుతుంది. ఊట తక్కువున్న బోరుకు పెద్ద మోటారు బిగిస్తే ఏమవుతుందో దేవరకొండ, అచ్చంపేట వైపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మోటారులో లోపం లేకపోయినా బోరు కాసేపటికే అడుగంటుతుంది. ఈ దశలో జ్వరమో, వాంతులో తోడైతే రక్తపోటు పడిపోయి, సోడియం, చక్కెర తగ్గి, మనిషి మగతలోకి జారిపోయే అడ్రినల్ సంక్షోభం ఏర్పడుతుంది. అందుకే రెండు లోపాలూ ఉన్నచోట ముందు స్టెరాయిడ్ (కార్టిసాల్‌లా పనిచేసి దాని లోటు తీర్చే మందు), ఆ తర్వాతే థైరాయిడ్ అనేది హార్మోన్ల వైద్యంలో ఎవరూ దాటని నియమం.

ఈ రెండు హార్మోన్ల చరిత్రలో ఒకే మనిషి పేరు కనిపిస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండల్ 1914 డిసెంబరు 25న థైరాక్సిన్‌ను స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. అదే కెండల్ అడ్రినల్ హార్మోన్ల మీద చేసిన పరిశోధనకు ఫిలిప్ హెంచ్, టాడియస్ రైక్‌స్టీన్‌లతో కలిసి 1950లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒక్కరి ప్రయోగశాల నుంచి నడిచి వచ్చిన ఈ రెండు మందులు ఇవాళ వేర్వేరు చీటీల మీద, ఒకరు రాసిన సంగతి మరొకరికి తెలియకుండా, ఒకే రోగి చేతికి చేరుతున్నాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

రక్తపరీక్ష కూడా ఇక్కడ తప్పుదారి పట్టించగలదు. కార్టిసాల్ తగ్గినప్పుడు, థైరాయిడ్ గ్రంథిలో ఏ లోపమూ లేకపోయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పని చేయించేందుకు పీయూష గ్రంథి పంపే హార్మోను) తనంతట తానే కొంత పెరుగుతుంది. ఆరో, ఎనిమిదో ఉన్న ఆ అంకె మీద థైరాయిడ్ మందు రాసేస్తే లేని జబ్బుకు మందు ఇచ్చినట్టవడమే కాక, ఉన్న జబ్బును మరింత ప్రమాదకరం చేసినట్టవుతుంది. అదే రోగికి స్టెరాయిడ్ ఇచ్చి, కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షిస్తే టీఎస్‌హెచ్ మామూలు స్థాయికి దిగి, థైరాయిడ్ మాత్ర అవసరమే లేదని తేలవచ్చు. పీయూష గ్రంథి దెబ్బతిన్నవారిలో కథ వేరు: థైరాయిడ్ హార్మోను నిజంగానే తక్కువగా ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఏమీ తెలియనట్టు మామూలుగా కనిపిస్తుంది. వారికి టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి ‘థైరాయిడ్ ఏం లేదు’ అని పంపించడం పెద్ద పొరపాటు. రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంత ఉందో చెప్పే ఫ్రీ టీ4 కూడా చూస్తే తప్ప ఆ లోపం బయటపడదు.

ఈ ప్రాంతంలో అడ్రినల్ మందగించడానికి అన్నిటికన్నా ముందుగా అనుమానించవలసింది స్టెరాయిడ్ మందులనే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఒళ్లునొప్పులతో, బిగుసుకుపోయిన వెన్నుతో, మడవరాని మోకాళ్లతో బతుకుతోంది. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు రావడంతో పిల్లలకు ఊరట దక్కినా, పాత ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తేలిగ్గా వదలదు. దానికి పత్తి ఏరడం, నాట్లు వేయడం వంటి నడుము వంచే పనులు తోడవుతాయి. నొప్పి భరించలేక దగ్గర్లోని వైద్యుడి దగ్గరికి వెళితే పట్టీ లేకుండా, పేరు లేకుండా కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే నాలుగు రకాల గోళీల్లో ఒకటి డెక్సామెథాసోనో, బీటామెథాసోనో, ప్రెడ్నిసోలోనో అయ్యే అవకాశం ఎక్కువ. అది వేసుకున్న మర్నాడే నొప్పి తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో బలం వచ్చినట్టుంటుంది. అందుకే ఆ పొట్లానికి అంత పేరు. ఆస్తమాకు, తామరకు, కీళ్లవాతానికి నెలల తరబడి వాడే మందుల్లోనూ, కీళ్లలోకి వేసే సూదుల్లోనూ, నాటుమందు పేరుతో అమ్మే కొన్ని పొడుల్లోనూ ఇదే ఉండవచ్చు.

రోజుకు 5 మిల్లీగ్రాములకు మించిన ప్రెడ్నిసోలోన్, లేదా దానికి సమానమైన మరో స్టెరాయిడ్, మూడు నాలుగు వారాలు దాటి వాడితే పీయూష గ్రంథి అడ్రినల్‌ను పనిచేయమని పురమాయించడం మానేస్తుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఆ పురమాయింపు తిరిగి మొదలవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది. ఉదాహరణకు, చందంపేట వైపు ఒక నలభై అయిదేళ్ల స్త్రీని ఊహించుకుందాం. మూడేళ్లుగా నొప్పుల పొట్లం వాడింది, ముఖం ఉబ్బింది, బరువు పెరిగింది. ఆ ఉబ్బు, ఆ బరువు చూసి థైరాయిడ్ అనుకుని పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 7 వచ్చింది. రోజుకు 50 మైక్రోగ్రాముల మాత్ర మొదలైంది. అసలు జబ్బుకు మందు దొరికిందన్న ధీమాతో అదే వారం ఆమె పొట్లం మానేసింది. పదిహేను రోజుల తర్వాత వాంతులు, కడుపునొప్పి, లేవలేని నీరసం. ఇంట్లో అందరూ తప్పు థైరాయిడ్ గోళీ మీద వేస్తారు. ఆపేసిన గోళీ గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే దాన్ని మందుగా ఎవరూ లెక్కలో పెట్టుకోలేదు. పాత పొట్లం ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లి చూపించడం పది పరీక్షలంత పని చేస్తుంది.

రెండో కారణం పొలంలోనే ఉంది. రక్తపింజర కాటు పడి, రక్తం గడ్డకట్టక, మూత్రపిండాలు దెబ్బతిని, డయాలిసిస్ దాకా వెళ్లి బతికి బయటపడినవారిలో కొందరికి పీయూష గ్రంథి దెబ్బతింటుంది. ఇది భారతదేశంలోనూ, శ్రీలంక, బర్మాల్లోనూ వైద్యులు నమోదు చేసిన విషయం. కొందరిలో ఆసుపత్రిలో ఉండగానే బయటపడుతుంది. మరికొందరిలో ఏళ్ల తర్వాత, పాముకాటును అందరూ మరిచిపోయాక, ఎడతెగని నీరసంగా, చంకల్లోనూ పొత్తికడుపు కింద వెంట్రుకలు రాలిపోవడంగా, మగవారిలో కోరిక తగ్గడంగా, ఆడవారిలో నెలసరి ఆగిపోవడంగా కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి పొలాల్లో పనిచేసే మనిషి నీరసమని వస్తే, ‘ఎప్పుడైనా పాము కరిచిందా, కరిస్తే మూత్రం ఆగిపోయిందా’ అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం చాలా చోట్ల దొరకడం లేదు.

ప్రసవ సమయంలో విపరీతంగా రక్తం పోయినప్పుడు పీయూష గ్రంథికి రక్తం అందక అది చచ్చుబడిపోయే స్థితిని హెరాల్డ్ షీహన్ 1937లో వివరించాడు. ఆసుపత్రి ప్రసవాలు పెరిగాక ఇది అరుదవుతోంది కానీ, పాతికేళ్ల కింద ఇంట్లోనో, దారిలోనో కాన్పు అయి, ‘పాలు పడలేదు, ఆ తర్వాత ముట్టు రాలేదు’ అని చెప్పే పెద్దవయసు స్త్రీలు తండాల్లో, గూడేల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండు ముక్కల్లోనే రోగ నిర్ధారణ దాదాపుగా ఉంది. ఇలాంటి స్త్రీలో థైరాయిడ్, అడ్రినల్ రెండూ ఒకే కారణం చేత మందగించి ఉంటాయి కనుక, థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెట్టడం అన్నిటికన్నా ప్రమాదకరం.

లండన్‌లోని గైస్ హాస్పిటల్ వైద్యుడు థామస్ అడిసన్ 1855లో అడ్రినల్ వైఫల్యాన్ని వర్ణించిన రోజుల్లో దానికి ప్రధాన కారణం క్షయ. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో శరీర రక్షణ వ్యవస్థే సొంత గ్రంథులపై దాడి చేయడం ముఖ్యకారణం కాగా, మన దేశంలో క్షయ ఇంకా వరసలోనే ఉంది. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ ఇక్కడ మరో మెలిక పెడుతుంది. అది కాలేయాన్ని పురికొల్పి కార్టిసాల్‌ను, దాన్నే మందు రూపంలో ఇచ్చే హైడ్రోకార్టిసోన్‌ను, ప్రెడ్నిసోలోన్‌ను, లీవోథైరాక్సిన్‌ను కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది. అప్పటిదాకా అంచున నిలబడి ఉన్న అడ్రినల్ ఆ మందు మొదలైన కొద్ది వారాల్లో చేతులెత్తేయవచ్చు. ఆరు నెలల క్షయ చికిత్స సాగినంతకాలం స్టెరాయిడ్ డోసు, తరచుగా థైరాయిడ్ డోసు కూడా పెంచవలసి వస్తుంది. చికిత్స ముగిశాక రెండింటినీ తగ్గించడం మరిచిపోకూడదు.

ఒంట్లో కార్టిసాల్ తక్కువగా ఉందని అనుమానించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. అడ్రినల్ గ్రంథి స్వయంగా దెబ్బతిన్నప్పుడు చర్మం నల్లబడుతుంది. ఎండలో పనిచేసే మనిషి నల్లబడితే ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఎండ తగలని చోట చూడాలి: పెదవి తిప్పి చిగుళ్ల మీద, బుగ్గల లోపల, అరచేతి గీతల్లో సిరా మరకల్లాంటి నలుపు ఉంటే అది ఎండ పని కాదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే నిలబడినప్పుడు పై అంకె 20కి మించి పడిపోవడం మరో గుర్తు. ఉప్పు మీద విపరీతమైన కోరిక, మామిడికాయ ఊరగాయను అన్నం లేకుండా తినాలనిపించడం, షుగర్ ఉన్నవారికి ఉన్నట్టుండి మందు ఎక్కువైనట్టు చక్కెర పడిపోతుండడం కూడా గమనించదగినవే. పల్లెల్లో ఇంకొక గుర్తు ఉంది, దాన్ని పుస్తకాల కన్నా మనుషులే బాగా చెబుతారు: సెలైన్ ఎక్కించుకుంటే ఒకటి రెండు రోజులు లేచి తిరగడం, మళ్లీ కూలబడడం, మళ్లీ సెలైన్. ఉప్పునీరు ఎక్కినంతసేపు రక్తపోటు నిలబడుతుంది. ఆ సీసాలో ఒక ఆంప్యూల్ డెక్సామెథాసోన్ కలిపితే ఊరట ఇంకా ఎక్కువగా ఉంటుంది, జబ్బు అంతగానూ మరుగున పడుతుంది.

పరీక్షకు ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం ఇవ్వాలి, ఎందుకంటే కార్టిసాల్ తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం తీసిన రక్తంలో అంకె తక్కువ వచ్చినంత మాత్రాన ఏదీ తేలదు. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం దాదాపు ఖాయం, 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉన్నవారికి ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పనిచేయమని పురమాయించే పీయూష గ్రంథి హార్మోను) సూది వేసి అడ్రినల్ ఎంత స్పందిస్తుందో చూడవలసి ఉంటుంది. మన దేశంలో ఇందుకు వాడే సినాక్తెన్ సూది సులభంగా దొరకని చోట్ల ఆక్టన్ ప్రొలాంగేటం అనే సూదిని వాడుతున్నారు. ప్రెడ్నిసోలోన్ వేసుకుంటూ రక్తం ఇస్తే యంత్రం దాన్నే కార్టిసాల్‌గా పొరబడి ఎక్కువ చూపవచ్చు; డెక్సామెథాసోన్ వేసుకుంటే నిజమైన కార్టిసాల్ అణగిపోయి తక్కువ చూపుతుంది. చివరి స్టెరాయిడ్ ఎప్పుడు పడిందో తెలియకుండా రిపోర్టు చదవడం వృథా. అయితే మనిషి వాంతులతో, పడిపోయిన బీపీతో వచ్చినప్పుడు రిపోర్టు కోసం చికిత్స ఆపకూడదు. వీలైతే రక్తం తీసి పక్కన పెట్టి, వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి.

లోపం తేలాక సర్దుబాటు మొదలవుతుంది. రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌ను రెండు మూడు భాగాలుగా, అందులో సగానికి పైగా నిద్ర లేవగానే, చివరిది సాయంత్రం చీకటి పడకముందే ఇస్తారు. అది దొరకని చోట, లేదా రోజుకు మూడుసార్లు వేసుకోవడం కుదరని కూలి మనిషికి, ఉదయం 3 నుంచి 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. అడ్రినల్ గ్రంథే దెబ్బతిన్నవారికి ఉప్పును నిలబెట్టే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా కావాలి. పీయూష గ్రంథి దెబ్బతిన్నవారికి అది సాధారణంగా అవసరం ఉండదు. ఇలా స్టెరాయిడ్ పడిన కొద్ది రోజుల నుంచి వారం లోపు, వాంతులు ఆగి బీపీ నిలబడ్డాక, థైరాయిడ్ మాత్రను 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి. అప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతూ పరిస్థితి విషమించినవారి విషయంలో ఏం చేయాలన్నది వైద్యుడు నిర్ణయించవలసిన సంగతి. స్టెరాయిడ్ ఇవ్వడం ఆలస్యం కాకూడదన్నది మాత్రం అక్కడా మారదు.

ఈ రెండు మందుల కాలమానం పూర్తిగా వేరు. లీవోథైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చిన ఫలితం ఒంట్లో పూర్తిగా స్థిరపడడానికి అయిదారు వారాలు కావాలి. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించి, ఒక్కోసారి 12.5 లేదా 25 మైక్రోగ్రాముల చొప్పున మాత్రమే మార్చాలి. హైడ్రోకార్టిసోన్ అయితే రక్తంలో గంటన్నరకే సగమవుతుంది. దాని ఎక్కువ తక్కువలు గంటల్లో, రోజుల్లో తెలుస్తాయి. ఒకరోజు థైరాయిడ్ మాత్ర మరిచిపోతే మర్నాడు వేసుకోవచ్చు, రెండు మూడు రోజులు తప్పినా అత్యవసర పరిస్థితి రాదు. స్టెరాయిడ్ ఒక్కరోజు తప్పినా ఆసుపత్రి పాలు కావచ్చు. ఈ తేడాను రోగికి అర్థమయ్యేలా చెప్పని చికిత్స అసంపూర్ణమని చెప్పక తప్పదు. రెండింటినీ ఒకే వారంలో మారిస్తే వచ్చిన మార్పు దేనివల్లనో ఎవరూ తేల్చలేరు, అందుకే ఒకటి మార్చినప్పుడు రెండోదాన్ని కదపకూడదు. థైరాయిడ్ డోసు పెంచిన ప్రతిసారీ కార్టిసాల్ ఖర్చు కొంత పెరుగుతుందన్నది గుర్తుంచుకుని, ఆ తర్వాతి రెండు మూడు వారాలు బీపీని, ఆకలిని, బరువును గమనించాలి. థైరాయిడ్ హార్మోనులో మరో రూపమైన టీ3 కలిసిన మందులు గంటల్లోనే పనిచేయడం మొదలుపెడతాయి కనుక అడ్రినల్ బలహీనంగా ఉన్నవారికి అవి ఇంకా పెద్ద ముప్పు.

పీయూష గ్రంథి దెబ్బతిన్నవారిలో టీఎస్‌హెచ్‌ను చూసి డోసు నిర్ణయించడం కుదరదు. థైరాయిడ్ మాత్ర మొదలయ్యాక వారిలో అది తక్కువగానే ఉంటుంది. దాన్ని చూసి ‘డోసు ఎక్కువైంది’ అని తగ్గించడం తరచుగా జరిగే తప్పు. ఫ్రీ టీ4ను మామూలు పరిధిలో పైసగంలో నిలపడమే వారికి లక్ష్యం. జిల్లా కేంద్రాల్లోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వ్యవస్థ ద్వారా థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా జరగడం ఇక్కడ పెద్ద ఆసరా, అయితే ఏ అంకెను చూడాలో చీటీ మీద ముందే రాసి ఉండాలి.

దుష్ఫలితాలు వచ్చినప్పుడు అవి ఏ మందువో తేల్చుకోవడం కష్టమే గానీ అసాధ్యం కాదు. గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి, చెమటలు, విరేచనాలు, ఆకలి ఉండి కూడా బరువు తగ్గడం కలిసి వస్తే థైరాయిడ్ ఎక్కువైందని అనుమానించాలి. ఆకలి చచ్చి బరువు తగ్గడం, వికారం, నిలబడితే కళ్లు తిరగడం, మధ్యాహ్నానికి కూలబడడం స్టెరాయిడ్ చాలడం లేదని చెబుతాయి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట చుట్టూ కొవ్వు, కమిలిన మచ్చలు, పెరిగిన షుగర్, బీపీ అయితే స్టెరాయిడ్ ఎక్కువైంది. ఎముకల విషయంలో రెండూ ఒకే వైపు లాగుతాయి; థైరాయిడ్ అతిగా ఇచ్చినా, స్టెరాయిడ్ అతిగా ఇచ్చినా ఎముక గుల్లబారుతుంది. ముట్లుడిగిన స్త్రీలలో, అప్పటికే ఫ్లోరైడ్ పాడుచేసిన ఎముకలున్నవారిలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అరవై దాటినవారిలో టీఎస్‌హెచ్ 0.1 కన్నా కిందికి పోతే గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడే ‘అడ్రినల్ అలసట’ అనే మాట గురించి చెప్పవలసి ఉంది. మానసిక ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథులు అలసిపోతాయని, ఉమ్మి పరీక్షతో దాన్ని పట్టుకోవచ్చని, ఫలానా పొడులతో నయమవుతుందని వీడియోల్లో జోరుగా ప్రచారం సాగుతోంది. అలాంటి జబ్బు ఉన్నట్టు రుజువు లేదు. దీనిపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2016లో క్రోడీకరించి చూసినప్పుడు కూడా ఆధారం దొరకలేదు. ఆ పొడుల్లో కొన్నింటిలో జంతువుల గ్రంథుల సారమో, చెప్పకుండా కలిపిన స్టెరాయిడో ఉంటే లేని అడ్రినల్ వైఫల్యాన్ని అవే తెచ్చిపెట్టగలవు. వాటి మీద డబ్బు పోసేవారి అలసట మాత్రం నిజమే. దాని వెనుక రక్తహీనతో, బీ12 లోపమో, దిగులు జబ్బో, నిద్రలేమో ఉండవచ్చు, వాటన్నిటికీ వైద్యం ఉంది.

రోజువారీ అలవాట్లలో థైరాయిడ్ మాత్రకు కావలసింది ఖాళీ కడుపు. మాత్రకు, చాయ్‌కి మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. తెల్లవారకముందే ఆటో ఎక్కి పత్తి ఏరడానికి వెళ్లే స్త్రీకి ఇది చెప్పినంత తేలిక కాదు. చాయ్ తాగి బయటపడితే మళ్లీ తిండి పదింటికి. అలాంటివారు లేవగానే ముఖం కడుక్కోకముందే మాత్ర వేసుకోవడం, లేదా రాత్రి అన్నం తిన్న మూడు గంటలకు పడుకునే ముందు వేసుకోవడం మేలు. ఏదైనా రోజూ ఒకే పద్ధతి ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు, గ్యాస్ మందులకు నాలుగు గంటల ఎడం కావాలి. ఫ్లోరోసిస్ ఉన్నవారికి కాల్షియం, గర్భిణులకు ఐరన్ తప్పనిసరిగా ఇస్తారు కాబట్టి ఈ ప్రాంతంలో థైరాయిడ్ డోసు పెరుగుతూ పోవడానికి ఈ కలయికే కారణమా అని మొదట చూడాలి. కాల్షియం దండిగా ఉండే రాగి జావను కూడా మాత్ర వేసుకున్న వెంటనే తాగకపోవడం మంచిది. సజ్జలు, క్యాబేజీ తినవచ్చా అని చాలామంది భయపడుతుంటారు. అవి గ్రంథి పనిని కొంత అడ్డుకోవచ్చు గానీ, హార్మోనునే మాత్రగా తీసుకుంటున్నవారికి మామూలు మోతాదులో తింటే ఇబ్బంది లేదు. హైడ్రోకార్టిసోన్‌ను థైరాయిడ్ మాత్రతో పాటే పొద్దున వేసుకోవచ్చు. ప్రెడ్నిసోలోన్‌ను తిన్నాక వేసుకుంటారు.

ఎండాకాలం మరో పరీక్ష. నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన లీవోథైరాక్సిన్ బలం కోల్పోతుంది. సీసాను ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, చీకటిగా, తేమ లేకుండా ఉండే చోట, పొయ్యికి దూరంగా పెట్టాలి; మూత తీసి మాత్రలను మరో డబ్బాలోకి మార్చకూడదు. అడ్రినల్ గ్రంథి దెబ్బతిన్నవారు చెమటతో పోయే ఉప్పును నిలుపుకోలేరు కాబట్టి ఆ నెలల్లో ఉప్పు వేసిన మజ్జిగ, గంజి ఎక్కువ తీసుకోవాలి, కొందరికి ఫ్లూడ్రోకార్టిసోన్ డోసు కూడా పెంచవలసి వస్తుంది. ఇంట్లో బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించమని చెప్పిన మాటను వీరికి కూడా వర్తింపజేయడం ప్రమాదకరం. రంజాన్ ఉపవాసమైనా, పండుగ ఒక్కపొద్దులైనా ముందుగా వైద్యుడితో మాట్లాడకుండా పట్టకూడదు.

జ్వరం వచ్చినప్పుడు థైరాయిడ్ డోసును ముట్టుకోనక్కరలేదు. స్టెరాయిడ్‌ను మాత్రం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రెట్టింపు, 102.2 దాటితే మూడింతలు చేసి, జ్వరం తగ్గేదాకా, సాధారణంగా రెండు మూడు రోజులు కొనసాగించాలి. పన్ను పీకించుకోవడానికైనా, ఆపరేషన్‌కైనా ముందే చెప్పాలి. మింగిన మాత్ర వాంతిలో పోతే మళ్లీ వేసుకోవాలి. అదీ నిలవకపోతే మాత్రల మీద ఆధారపడకూడదు, 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సూది కండలోనైనా సరే పడాలి, సెలైన్ ఎక్కాలి. ఆ సూదిమందు సీసా ఒకటి ఇంట్లో పెట్టుకుని, వేయడం తెలిసినవారు ఊళ్లో ఎవరున్నారో ముందే మాట్లాడి ఉంచుకోవడం నల్లమల అంచున ఉన్న గూడేల్లో, ఆసుపత్రికి దూరంగా ఉన్న తండాల్లో మరీ అవసరం.

పాలమూరు నుంచి ముంబైకో, పుణెకో పనికి వెళ్లేవారికి అసలు గండం మాత్రలు అయిపోవడం. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మండల కేంద్రాల్లోని అన్ని దుకాణాల్లోనూ దొరకవు. కొత్త ఊళ్లో చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. కనీసం రెండు నెలలకు సరిపడా మందు, జబ్బు పేరు, వాడే స్టెరాయిడ్ పేరు, డోసు, ‘వాంతులైనా స్పృహ తప్పినా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి’ అన్న వాక్యం తెలుగులో, ఇంగ్లీషులో రాసిన కార్డు జేబులో ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడమే కాక, వెంట ఉండే మేస్త్రీకీ, గదిలో ఉండేవారికీ ఆ కార్డు ఎక్కడుందో తెలిసి ఉండాలి. సంక్షోభం నుంచి కోలుకున్నాక స్టెరాయిడ్‌ను కొద్ది రోజుల్లో పాత డోసుకు దించుతారు. ఆ జబ్బు రోజుల్లో తీసిన థైరాయిడ్ రిపోర్టును బట్టి మాత్రను పెంచడం గానీ తగ్గించడం గానీ చేయకూడదు, ఎందుకంటే తీవ్రమైన అనారోగ్యమూ, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్‌లూ టీఎస్‌హెచ్‌ను కిందికి లాగుతాయి. ఆరు వారాలు ఆగి, మనిషి తేరుకున్నాక తీసిన రక్తాన్ని బట్టే తర్వాతి డోసు నిర్ణయించాలి.